ప్రయోగాత్మక మనోవిజ్ఞానంలో పీహెచ్‌డీ: అపోహలు - వాస్తవాలు

అపోహ: సైకాలజీలో డాక్టరేట్ వస్తే పేషెంట్లను చూడొచ్చు.

వాస్తవం: మాది వేరే దారి. ఎరుపు సిరాతో రాసిన ‘నీలం’ అనే మాటను చూపించి, అది ఏ రంగులో ఉందని అడిగితే మనిషి ఎందుకు తడబడతాడు, ఎన్ని మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తాడు? ఇలాంటివి కొలవడం మా పని. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తించిన క్లినికల్ కోర్సు చదివి, అక్కడ రిజిస్టర్ కావాలి. మా డాక్టరేట్‌తో ఆ అర్హత రాదు. చేరిన రెండేళ్లకు ఈ సంగతి తెలిసి ఏడ్చిన పిల్లలను చూశాను. అందుకే దీన్ని ముందు పెట్టాను.

అపోహ: యూనివర్సిటీకి పేరుంటే చాలు.

వాస్తవం: మీ నాలుగైదేళ్లూ గడిచేది ఒక గైడ్ దగ్గర, ఒక ల్యాబ్‌లో. ఆ గైడ్ ఈమధ్య రాసిన నాలుగు పేపర్లు చదవండి. రచయితల వరుసలో మొదటి పేరు విద్యార్థిదేనా? ఇంతవరకు ఎంతమంది పూర్తిచేశారు, ఎన్నేళ్లకు? పూర్తిచేసినవాళ్లతో పాటు మధ్యలో మానేసినవాళ్లతోనూ మాట్లాడండి, అసలు విషయాలు అక్కడే తెలుస్తాయి. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ ఒకేసారి 8 మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ 6, అసిస్టెంట్ ప్రొఫెసర్ 4 మందికి మించి గైడ్ చేయకూడదు. రిటైర్మెంట్‌కు మూడేళ్లలోపు ఉన్నవాళ్లు కొత్తవాళ్లను తీసుకోకూడదు. ఇవి కూడా చూసుకోండి.

ఐ ట్రాకర్ (కంటి చూపు కదలికలను కొలిచే యంత్రం) ఉందని చెబితే తృప్తిపడకండి. విద్యార్థికి వారంలో ఎన్ని గంటలు దొరుకుతుంది, పాడైతే ఎవరు బాగుచేయిస్తారు అని అడగండి. నేను చదివిన చోట ఒక యంత్రం ఏడాదిపాటు మూలన పడి ఉంది. నా మొదటి ప్రయోగం అంతకాలమూ ఆగిపోయింది.

ఇంకో ప్రశ్న: అనుకున్న ఫలితం రాకపోతే మీ ల్యాబ్‌లో ఏం చేస్తారు? సైకాలజీలో అంతకుముందు అచ్చయిన 100 అధ్యయనాలను మళ్లీ చేసి చూసి 2015లో ఫలితాలు ప్రచురించారు; గణాంకాల లెక్కన నిలబడ్డవి 36 శాతం మాత్రమే. అందుకే ఎంతమందిని పరీక్షించాలో ముందే నిర్ణయించి, ప్రణాళికను ముందే నమోదు చేసి, డేటాను అందరికీ ఇచ్చే ల్యాబ్ అంటే నాకు గౌరవం. ఈ ప్రశ్నకు చిరాకుపడే గైడ్ దగ్గర చేరొద్దు.

అపోహ: సైకాలజీ డిపార్ట్‌మెంట్‌లోనే చేరాలి.

వాస్తవం: మన దగ్గర ఈ పని చాలావరకు కాగ్నిటివ్ సైన్స్ పేరుతో జరుగుతోంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో, అలహాబాద్ యూనివర్సిటీలో, ఐఐటీ కాన్పూర్‌లో వెతకండి. చదవడం మీద జరిగిన ప్రయోగాల్లో ఎక్కువ భాగం ఇంగ్లిష్ పాఠకులతోనే జరిగాయి. మన గుణింతాలు, ఒత్తులు కంటికి ఎలా అందుతాయో చూడాల్సింది ఇంకా ఎంతో ఉంది.

అపోహ: లెక్కలంటే భయం ఉన్నవాళ్లకు ఇది సులువు.

వాస్తవం: స్టాటిస్టిక్స్ తప్పదు, కొంత కోడింగూ తప్పదు. ప్రయోగాలు తయారుచేసే సైకోపై, లెక్కలు చేసే ఆర్ రెండూ ఉచిత సాఫ్ట్‌వేర్లే. ఇవాళే మొదలుపెట్టండి.

అపోహ: ముందు సీటు రావాలి, డబ్బు సంగతి తర్వాత.

వాస్తవం: జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000 రూపాయలు. అమెరికాలో మంచి ప్రోగ్రాములు ఫీజు మాఫీ చేసి స్టైపెండ్ కూడా ఇస్తాయి. చాలాచోట్ల డిగ్రీతోనే నేరుగా అప్లై చేయొచ్చు, గడువులు ఎక్కువగా డిసెంబరులోనే ఉంటాయి. స్టైపెండ్ లేకుండా సీటు మాత్రమే ఇస్తామంటే, అప్పు చేసి మాత్రం వెళ్లొద్దు.