జీతం బకాయి కేసులు: అపోహలు – వాస్తవాలు

కార్మికుల తరఫున జీతం బకాయిల కేసులు చూస్తుంటాను. 2025 నవంబర్ 21న జీతాలకు సంబంధించిన కొత్త చట్టం, వేతనాల కోడ్, అమల్లోకి వచ్చింది. అయినా పనిచేసే చోట మాత్రం ఇంకా పాత మాటలే నడుస్తున్నాయి. వాటిని నమ్మి కష్టార్జితం వదులుకున్నవాళ్లను చూస్తే బాధేస్తుంది.

అపోహ: ఏడాది దాటితే ఇక అడగలేం.

పాత వేతనాల చెల్లింపు చట్టంలో గడువు పన్నెండు నెలలే. ఇప్పుడు మూడేళ్లు. అలాగని యజమాని ‘వచ్చే నెల ఇస్తా’ అంటుంటే కూర్చోవద్దు. ఆలోపు సూపర్‌వైజర్ మారిపోతాడు, సైటు మూసేస్తారు, తోటివాళ్లు ఊళ్లకు వెళ్లిపోతారు. సాక్ష్యం చెప్పేవాళ్లు మిగలరు.

అపోహ: ఉద్యోగం మానేశాక ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్‌కు (చివరి లెక్క తేల్చడానికి) 45 రోజులు పడుతుంది.

అది కంపెనీల అలవాటు, చట్టం కాదు. తీసేసినా, మీరే రాజీనామా చేసినా రెండు పనిదినాల్లో జీతం ఇవ్వాలి. ఎక్కువ జీతం వచ్చేవాళ్లకు వర్తించదన్న మాట కూడా పాతబడింది. నెలకు రూ. 24,000 పరిమితి పాత చట్టంలోది.

అపోహ: అపాయింట్‌మెంట్ లెటర్ లేదు కాబట్టి కేసు నిలవదు.

నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి ఆ లెటర్ ఉండదు. జీతం ఇచ్చామని నిరూపించుకోవాల్సిన బాధ్యత కోడ్ ప్రకారం యజమానిదే. కాకపోతే అక్కడ పనిచేశామని మనం చూపించాలి. ఒక సెక్యూరిటీ గార్డును ‘మా మనిషే కాదు’ అని ఏజెన్సీ తేల్చేసింది. అతని ఫోన్‌లో డ్యూటీ వాట్సాప్ గ్రూపు ఉంది. రోజూ సాయంత్రం యూనిఫాంలో, గేటు ముందు నిలబడి హాజరు కోసం పెట్టిన సెల్ఫీలు, వాటి కింద సూపర్‌వైజర్ ‘ఓకే’లు. ప్రింట్లు తీసి ఫైల్లో పెట్టాం. తర్వాతి వాయిదాకు ఏజెన్సీ ఆ మాట ఎత్తలేదు. పీఎఫ్ పాస్‌బుక్, గేట్ పాస్, ఫోన్‌పే చెల్లింపులు, అన్నీ పనికొస్తాయి. ఉద్యోగం మానేశాక గ్రూపులోంచి తీసేస్తారు, కాబట్టి ముందే దాచుకోండి.

అపోహ: కాంట్రాక్టర్ పారిపోతే డబ్బు పోయినట్టే.

కాంట్రాక్టర్ ఇవ్వకపోతే, అతను మీతో పని చేయించిన సంస్థ యజమానిదే బాధ్యత. పిటిషన్‌లో ఇద్దరినీ మొదటే చేర్చండి. తర్వాత చేర్చాలంటే మళ్లీ నోటీసులు, మళ్లీ వాయిదాలు.

అపోహ: లేబర్ ఆఫీసులో మూడు నెలల్లో తేలిపోతుంది.

మూడు నెలల్లో తేల్చేందుకు అధికారి ప్రయత్నించాలని కోడ్ చెబుతోంది. అవి దాటినంత మాత్రాన కేసు మనవైపు తేలిపోదు. నేను చూసినంతలో ఎక్కువ కాలం నోటీసు దగ్గరే పోతుంది. పిటిషన్‌లో బోర్డు మీద పేరు రాస్తారు, రిజిస్టరైన పేరు ఇంకోటి ఉంటుంది. లేదంటే ఆఫీసు ఖాళీ చేసి ఉంటారు. కవరు తిరిగొస్తుంది, వాయిదా పడుతుంది. అందుకే కంపెనీ అసలు పేరు, రిజిస్టర్డ్ చిరునామా ముందే కనుక్కోండి.

అపోహ: ఆర్డర్ వచ్చిందంటే డబ్బు వచ్చినట్టే.

యజమానికి అప్పీలుకు 90 రోజులుంటాయి. అప్పీలు లేకపోయినా కొందరు కట్టరు. అప్పుడు అధికారి రికవరీ సర్టిఫికెట్ ఇస్తే, కలెక్టర్ దాన్ని భూమిశిస్తు బకాయిలా వసూలు చేయించాలి. ఇక్కడ ఫైలు కదలాలంటే దేన్ని జప్తు చేయాలో తెలియాలి. జీతం ఏ బ్యాంకు నుంచి పడేదో, యజమానికి ఎక్కడ ఏ ఆస్తులు, వాహనాలు ఉన్నాయో కేసు వేసే రోజుల్లోనే రాసిపెట్టుకుని, సర్టిఫికెట్‌తో పాటు కలెక్టరేట్‌లో ఇవ్వండి.