లోడింగ్ డాక్ గొడవ: 14 నిమిషాల పరుగు, 125 ఏళ్ల టార్గెట్

డెలివరీ ట్రక్కులు నింపే చోట యాజమాన్యం పెట్టే రూల్స్ మీద గొడవ మళ్లీ రాజుకుంది. రెండు వైపులా వినిపించేవి పాత మాటలే. గంటకు ఇన్ని పెట్టెలు ఎక్కాలి, ఫలానా టైమ్‌కి ట్రక్కు తలుపు పడాలి, మధ్యలో చెయ్యి ఆగితే కారణం చెప్పాలి అని మేనేజ్‌మెంట్ అంటుంది. ఆ అంకె ఎవరు వేశారు, ఎవరిని చూసి వేశారు, నీళ్లు తాగే టైమ్ అందులో కలిపారా లేదా అని లోడర్లు అడుగుతారు.

ఆన్‌లైన్ కొనుగోళ్లు ఎలా పెరిగాయో, గోదాములు ఎందుకు ఊరంత అయ్యాయో అందరికీ తెలుసు. అవన్నీ మళ్లీ చెప్పడం దండగ. ఇవాళ్టి పేచీ మూలం వాటిలో లేదు. అది 1899 మార్చిలో, అమెరికాలోని బెత్లహాం స్టీల్ కంపెనీ యార్డులో గడిచిన 14 నిమిషాల్లో ఉంది. అక్కడ నింపింది ట్రక్కును కాదు, రైలు వ్యాగన్‌ను. అయినా బండి నింపే పనికి గడియారం పట్టుకుని టార్గెట్ కట్టిన తీరు పేరుకెక్కింది అక్కడే.

ఆ యార్డులో దుక్క ఇనుము దిమ్మెలు గుట్టలుగా పడి ఉండేవి. ఒక్కో దిమ్మె 92 పౌండ్లు, అంటే దాదాపు 42 కిలోలు. కూలీ దాన్ని ఎత్తుకుని, ఏటవాలుగా వేసిన చెక్క మీదుగా వ్యాగన్‌లోకి ఎక్కి, లోపల పడేసి తిరిగి రావాలి. అప్పటికి మనిషి రోజుకు సగటున 12.5 టన్నులు ఎక్కించేవాడు. రోజు కూలి 1.15 డాలర్లు.

ఫ్రెడరిక్ టేలర్ అనే ఇంజనీరు అప్పుడు ఆ కంపెనీకి సలహాదారు. అతని సహాయకులు గిలెస్పీ, వోలీ ఇద్దరూ పది మంది బలమైన కూలీలను ఏరి, ఎంత వేగంగా ఎక్కించగలరో అంత వేగంగా ఎక్కించమన్నారు. పది మందీ కలిసి 14 నిమిషాల్లో పదహారున్నర టన్నులు వ్యాగన్‌లో వేశారు. లెక్క కడితే మనిషికి 40 దిమ్మెలు, నిమిషానికి దాదాపు మూడు. ఒకసారి చూపించమంటే ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి చేసిన పని అది.

ఆ తర్వాత కాగితం మీద జరిగింది చూడండి. ఇదే వేగంతో పది గంటలు పనిచేస్తే మనిషికి 71 టన్నులని లెక్కేశారు. దాన్ని 75కి పెంచి రాసుకున్నారు. అందులోంచి విశ్రాంతికీ ఆలస్యాలకూ కలిపి 40 శాతం తీసేశారు. మిగిలింది 45 టన్నులు. అదే ఒక మనిషి ఒక రోజు పని. అప్పటిదాకా జరుగుతున్న దానికి మూడున్నర రెట్లు. టన్నుకు మూడు ముప్పావు సెంట్లు ఇస్తామన్నారు.

ఆ 40 శాతం ఎక్కడి నుంచి వచ్చింది? యాభై ఎందుకు కాలేదు, అరవై ఎందుకు కాలేదు? 1974లో ఇద్దరు పరిశోధకులు పాత నివేదికలు తిరగేసి చూస్తే, టేలర్ తర్వాత చెప్పుకున్న కథకూ అక్కడ జరిగిన దానికీ చాలా తేడాలు బయటపడ్డాయి. ఆ 40 శాతం వెనుక కొలిచిన ఆధారమేదీ కనబడలేదు. చేతికి తోచిన కోత అది. ఇక ఆ 14 నిమిషాలు పరుగెత్తిన పది మందీ కొత్త రేటు మీద పనిచేయం అన్నారు. వాళ్లను పనిలోంచి తీసేశారు.

టేలర్ 1911లో అచ్చేసిన పుస్తకంలో ఈ పది మంది ఊసు దాదాపు లేదు. అందులో పేరుకెక్కింది ‘ష్మిట్’ అనే ఒక్క కూలీ. అసలు పేరు హెన్రీ నోల్. చెప్పినట్టు చేసి రోజుకు 47 టన్నులకు పైగా ఎక్కించి, 1.85 డాలర్లు తీసుకెళ్లాడని టేలర్ రాశాడు. ఎప్పుడు మొయ్యమంటే అప్పుడు మోశాడట, ఎప్పుడు కూర్చోమంటే అప్పుడు కూర్చున్నాడట. 47 టన్నులంటే దాదాపు 1,150 దిమ్మెలు, పది గంటలూ నిమిషానికి సుమారు రెండు. పని పెరిగింది మూడున్నర రెట్లకు మించి, కూలి పెరిగింది 60 శాతం.

అదే పుస్తకంలో ఇంకో మాట ఉంది. ఇవాళ్టి గొడవకు ఇదే కీలకం అని నా ఉద్దేశం. 42 కిలోల దిమ్మె మోసే మనిషి రోజులో 43 శాతం సేపే బరువు కింద ఉండాలి, మిగతా 57 శాతం చేతులు ఖాళీగా ఉండాలి అని టేలరే రాశాడు. ఖాళీ చేతులతో వెనక్కి నడిచే సేపు కూడా ఆ 57లో భాగమే అనుకోండి. అయినా సరే, రోజులో సగానికి పైగా బరువు లేకుండా ఉంటే తప్ప ఆ పని సాగదని ఒప్పుకున్నది యూనియన్ నాయకుడు కాదు, స్టాప్‌వాచ్ పట్టుకున్న మనిషి. ఆ తర్వాత గోదాములన్నీ స్టాప్‌వాచ్‌ను తెచ్చుకున్నాయి. ఆ 57ను మాత్రం బెత్లహాంలోనే వదిలేశాయి.

అప్పట్లో ఊరుకోని వాళ్లూ ఉన్నారు. 1911 ఆగస్టులో అమెరికా ప్రభుత్వ ఆయుధ కర్మాగారం వాటర్‌టౌన్‌లో పోత పనివాళ్లు స్టాప్‌వాచ్ చూడగానే పని ఆపి బయటికొచ్చారు. అమెరికా చట్టసభ కమిటీ వేసింది, టేలర్‌ను పిలిచి గంటల తరబడి ప్రశ్నించింది. 1915లో ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల్లో స్టాప్‌వాచ్ లెక్కలకు డబ్బు ఖర్చు పెట్టకూడదని చట్టంలో రాశారు. ప్రైవేటు యార్డులకు అది వర్తించలేదు.

ఇక్కడి నుంచి దాదాపు ఎనభై ఏళ్లు దాటి ముందుకొస్తాను. మధ్యలో జరిగినవన్నీ ముఖ్యమైనవే కానీ, ఇవాళ్టి పేచీని తాకేది 1994 ఫిబ్రవరి. అమెరికా పార్శిల్ కంపెనీ యూపీఎస్ అప్పటిదాకా 70 పౌండ్లు, అంటే సుమారు 32 కిలోలు దాటిన పార్శిల్ తీసుకునేది కాదు. పోటీ కంపెనీలు తీసుకుంటున్నాయంటూ ఆ హద్దును ఒక్కసారిగా 150 పౌండ్లకు, అంటే 68 కిలోలకు పెంచింది. అక్కడి కార్మికుల సంఘం టీమ్‌స్టర్స్ యూనియన్ అధ్యక్షుడు రాన్ కేరీ ఫిబ్రవరి 7న సమ్మెకు పిలుపిచ్చారు. సమ్మె వద్దని కోర్టు ఉత్తర్వు ఉన్నా వేలమంది బయటికొచ్చారు. ఒక్క రోజు కూడా పూర్తిగా సాగకముందే ఒప్పందం కుదిరింది. 70 పౌండ్లు దాటిన పెట్టెను ఒక్కడే ఎత్తక్కర్లేదు, అడిగితే తోడు మనిషిని ఇవ్వాలి.

హద్దు మాత్రం 150గానే ఉండిపోయింది. గెలిచింది ‘అడిగితే’ అన్న మాట ఒక్కటే. బెల్టు మీద పెట్టెలు ఒకదాని వెనక ఒకటి వస్తుంటే, పక్క ట్రక్కులో మనిషి తన లోడుతో తను సతమతమవుతుంటే, ఆగి సాయం అడగడం ఎంత కష్టమో డాక్ మీద నిలబడ్డ వాళ్లకే తెలుసు. అడిగినంత సేపూ వెనక పెట్టెలు పేరుకుంటాయి. ఆ పేరుకున్నది రాసుకునేది అడిగినవాడి పేరు మీదే. చాలా చోట్ల రూలు కాగితం మీద భద్రంగా ఉండి, నడుం పట్టేయడం మాత్రం ఆగకపోవడానికి కారణం ఇదే.

బరువు సంగతి కొలిచిన వాళ్లు లేకపోలేదు. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ 1991లో సవరించిన సూత్రం ప్రకారం, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు ఎత్తదగిన బరువు 23 కిలోలు. అన్నీ అనుకూలంగా అంటే పెట్టె ఒంటికి దగ్గరగా ఉండాలి, నడుం తిప్పకూడదు, పట్టు బాగుండాలి, మాటిమాటికీ ఎత్తకూడదు. వీటిలో ఒక్కటి తప్పినా ఆ 23 తగ్గుతూ పోతుంది. ట్రక్కు లోపల చూస్తే ఈ షరతులన్నీ తప్పేవే. కింది వరుసకు వంగాలి, పై వరుసకు భుజాల పైకి ఎత్తాలి, బెల్టు నుంచి గోడ వైపు ప్రతిసారీ ఒళ్లు తిప్పాలి. గంటకు ఇన్ని పెట్టెలు అని టార్గెట్ పెంచితే సురక్షితంగా ఎత్తగలిగే బరువు తగ్గుతుందని ఆ సూత్రమే చెబుతోంది. కానీ బరువు రూలు ఒక కాగితం మీద, వేగం రూలు ఇంకో కాగితం మీద ఉంటాయి. రెండూ కలిపి చూసే బాధ్యత ఎవరికీ ఉండదు.

వేగం గురించి ఇంత చెప్పి, తెలివి గురించి చెప్పకపోతే అన్యాయం. ట్రక్కు నింపడం అంటే తిరగేసి ఆలోచించడం. చివర దిగాల్సింది ముందు ఎక్కాలి. బరువు కింద, తేలిక పైన. బరువంతా ఒక పక్కకు చేరితే మలుపులో బండి వాలుతుంది. అడుగున మెత్తటి పెట్టె పడితే పై వరుసలన్నీ ముందుకు వంగి, తలుపు తీసినవాడి మీద పడతాయి. పెట్టె చేతిలోకి రాగానే లోపలి బరువు ఏ మూలకు ఉందో పాత లోడర్‌కు అరచేతికే తెలిసిపోతుంది. దాన్ని ఎటు తిప్పి పెట్టాలో కూడా ఆ క్షణంలోనే తేలుతుంది.

ఈ తెలివి కూడా కాగితం మీదికి వెళ్లింది. యూపీఎస్ 2003 నుంచి ప్రతి పార్శిల్ మీద ఒక లేబుల్ అంటించే పద్ధతి తెచ్చింది. ఏ ట్రక్కు, ఏ అర, ఎన్నో నంబరు అన్నీ అందులో ఉంటాయి. అంతకు ముందు లోడర్లు వీధులూ రూట్లూ కంఠతా పట్టాల్సి వచ్చేది. లేబుల్ వచ్చాక కొత్తగా చేరిన మనిషి కూడా త్వరగానే ట్రక్కు నింపగలిగాడు. ఇది కొత్తవాళ్లకు మేలు చేసింది, కాదనను. కానీ పెట్టె ఎక్కడికి వెళ్లాలో లేబుల్ చెబుతుంది గానీ, ఆ అరలో ఇంకా చోటుందో లేదో చూసుకోవాల్సింది లోడరే. అర నిండిపోయాక వచ్చిన పెద్ద పెట్టెను నేల మీద పెడితే రూలు తప్పినట్టు, కుక్కి పెడితే సరుకు పాడైనట్టు. ప్లాన్ గీసింది ఒకరు, తప్పు పడేది ఇంకొకరి మీద. ఇవాళ లోడర్ల ఫిర్యాదుల్లో టార్గెట్ తర్వాత ఎక్కువగా వినబడేది ఇదే.

మేనేజ్‌మెంట్ వాదనలో నిజం లేదని కాదు. అడ్డదిడ్డంగా నింపిన ట్రక్కుతో డ్రైవర్ రోజంతా పెట్టెలు వెతుక్కుంటాడు. ఒక ట్రక్కు ఆలస్యమైతే వెనక ట్రక్కులన్నీ ఆగుతాయి. అందరూ ఒకే పద్ధతిలో పేరిస్తే ప్రమాదాలు కూడా తగ్గుతాయి. పేర్చే పద్ధతి మీద లోడర్లకు పెద్దగా పేచీ లేదు కూడా. పేచీ గడియారం మీద.

ఆ గడియారం ఎంత దూరం వెళ్లగలదో 2024 మేలో మన దేశంలోనే చూశాం. హరియాణాలోని మానేసర్ అమెజాన్ గోదాములో, టీ బ్రేక్ అయ్యాక కార్మికుల చేత ప్రమాణం చేయించారని వార్తలొచ్చాయి. ఆరు ట్రక్కుల సరుకు దించేదాకా టాయిలెట్‌కు గానీ నీళ్లకు గానీ వెళ్లబోమని ఆ ప్రమాణం. ఒక్కో ట్రక్కు 24 అడుగులది. ఉత్తరాది అంతా ఎండలకు మాడిపోతున్న రోజులవి. జూన్‌లో జాతీయ మానవ హక్కుల కమిషన్ తనంతట తానే కేసు తీసుకుని కేంద్ర కార్మిక శాఖకు నోటీసిచ్చింది. అది తమ విధానం కాదని, బాధ్యుడి మీద చర్య తీసుకున్నామని కంపెనీ చెప్పింది. సూపర్‌వైజర్ ఒక్కడి తప్పుగా అది ముగిసింది. మధ్యలో ఆగకుండా ఆరు ట్రక్కులు అన్న ఆలోచన అతనికి ఎందుకొచ్చింది, పైనుంచి అతని మీద ఏ టార్గెట్ ఉంది అన్న ప్రశ్న వెనక్కి పోయింది.

ఆ ప్రశ్నను చట్టంలో రాసింది కాలిఫోర్నియా. 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ఏబీ 701 చట్టం ప్రకారం పెద్ద గోదాముల్లో కోటా, అంటే ఇంత టైమ్‌లో ఇంత పని అన్న టార్గెట్, ఏదైనా ఉంటే కార్మికుడికి రాతపూర్వకంగా చెప్పాలి. భోజనానికి, విశ్రాంతికి, టాయిలెట్‌కు అడ్డొచ్చే కోటా చెల్లదు. కోటా వల్ల తన హక్కుకు భంగం కలిగిందనుకుంటే, కార్మికుడు తన పని వేగం లెక్కలు గత 90 రోజులవి అడగొచ్చు. 21 రోజుల్లో ఇవ్వాలి. న్యూయార్క్‌లో కూడా ఇలాంటి చట్టమే 2023లో అమల్లోకి వచ్చింది.

2024 జూన్‌లో, అంటే మానేసర్ నోటీసు వచ్చిన నెలలోనే, కాలిఫోర్నియా లేబర్ కమిషనర్ రెండు అమెజాన్ గోదాములకు ఈ చట్టం కింద 59 లక్షల డాలర్ల జరిమానా వేసినట్టు ప్రకటించారు. కార్మికులకు కోటా ఏమిటో రాసి ఇవ్వలేదన్నది అభియోగం. కంపెనీ అప్పీలుకు వెళ్లింది. తమ దగ్గర స్థిరమైన కోటాలు లేవని, పనిని కాలక్రమంలో, మొత్తం బృందం పనితో పోల్చి చూస్తామని దాని జవాబు.

ఇప్పుడు డాక్‌ల దగ్గర నలుగుతున్నదంతా ఈ జవాబు చుట్టూనే. అంకె ముందే చెప్పకుండా పక్కవాడి వేగంతో పోల్చితే, పక్కవాడు వేగం పెంచినప్పుడల్లా నీ టార్గెట్ కూడా పెరుగుతుంది. స్కానర్ ప్రతి పెట్టెకూ టైమ్ నమోదు చేస్తూనే ఉంటుంది. షిఫ్టు చివర సూపర్‌వైజర్ చేతిలోని స్క్రీన్ మీద ఒక అంకె కనబడుతుంది. ఆ అంకె ఎలా వచ్చిందో, అందులో చేతులు ఖాళీగా ఉండాల్సిన నిమిషాలు ఎన్ని కలిపారో కాగితం మీద రాసివ్వమని లోడర్లు అడుగుతున్నారు.