నంబర్లు అయిపోతే కెర్నల్ ఏం చేస్తుంది?

మన ఫోన్‌లో ప్రతి ప్రాసెస్, అంటే నడుస్తున్న ప్రతి ప్రోగ్రామూ, మెమరీ మొత్తం తనదే అనుకుంటుంది. రెండు ప్రాసెస్‌లు ఒకే అడ్రసు వాడినా, అవి ర్యామ్‌లో చేరేది వేర్వేరు చోట్లకి. మెమరీని పేజీలనే చిన్న ముక్కలుగా చూస్తారు, ఏది ఎక్కడికి వెళ్లాలో పేజీ టేబుల్‌లో రాసి ఉంటుంది. అందులో ఒక్క అడ్రసు వెతకాలన్నా మూడు నాలుగుసార్లు మెమరీ చదవాలి. ప్రతిసారీ ఇంత తిరుగుడు కుదరదు కాబట్టి, ఈమధ్య దొరికిన జవాబులను ప్రాసెసర్ టీఎల్‌బీ అనే చిన్న పట్టికలో దాచుకుంటుంది.

ప్రాసెస్ మారగానే చిక్కు మొదలవుతుంది. పాత ప్రాసెస్ జవాబులు కొత్తదానికి పనికిరావు. పొరపాటున వాడితే ఒకరి డేటా ఇంకొకరి చేతికి చిక్కుతుంది. అలాగని మారిన ప్రతిసారీ పట్టికంతా చెరిపేస్తే అంతా మళ్లీ మొదటినుంచి వెతుక్కోవాలి. ఇంటి నంబరు 4-12 ప్రతి ఊళ్లోనూ ఉంటుంది, కవరు మీద ఊరి పేరు ఉంటేనే ఉత్తరం సరైన గుమ్మానికి చేరుతుంది. పట్టికలోని ప్రతి వరుసకూ అలా ఊరి పేరులా తగిలించే నంబరే ఏఎస్ఐడీ.

ఫోన్లలో ఎక్కువగా ఉండే ఆర్మ్ ప్రాసెసర్లలో ఈ నంబరుకి 8 బిట్లు గానీ 16 బిట్లు గానీ ఉంటాయి. 8 బిట్లంటే 256 నంబర్లే. ప్రాసెస్‌లు పుడుతూ పోతూ ఉంటే అవి ఎంతోసేపు సరిపోవు. పైగా 64 బిట్ల ఆర్మ్ మీద లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌లో మెమరీనీ ప్రాసెస్‌లనూ నడిపే గుండెకాయ), ప్రాసెస్ ముగిసినా దాని నంబరును వెంటనే వెనక్కి తీసుకోదు. తీసుకుని ఇంకొకరికి ఇవ్వాలంటే ముందు ప్రాసెసర్‌లో విడివిడిగా పనిచేసే భాగాలైన కోర్లన్నిటిలోనూ ఆ నంబరున్న వరుసలను చెరపాలి. ఇవ్వనప్పుడు ఆ వరుసలు అక్కడే పడి ఉన్నా ఎవరికీ హాని లేదు. అందుకే ముగిసిన ప్రాసెస్ పేజీల వరుసలను తుడిచే పనిని కెర్నల్ చాలావరకు వదిలేస్తుంది. ఈ బద్ధకం నాకు చాలా నచ్చుతుంది, ఎందుకంటే దాని వెనక గట్టి హామీ ఉంది: టీఎల్‌బీ మొత్తం చెరపకుండా పాత నంబరు ఇంకొకరికి వెళ్లదు.

నంబర్లన్నీ అయిపోయినప్పుడు ఆ హామీ నిలబెట్టేది 'జనరేషన్' లెక్క. 8 బిట్ల యంత్రంలో మొదటి జనరేషన్ విలువ 256. నంబరు 37 దొరికిన ప్రాసెస్ దగ్గర కెర్నల్ 293 అని రాసుకుంటుంది, అంటే 256కి 37 కలిపి. నంబర్లు నిండుకోగానే జనరేషన్ 512 అవుతుంది. ఇక 293 అని రాసున్న ప్రాసెస్ ఏదైనా పరుగుకి వస్తే, పై బిట్లు చూడగానే అది పాతదని తెలిసిపోతుంది. దానికి నంబరు మళ్లీ ఇవ్వాలి. ప్రతి కోరూ తర్వాతి మార్పిడిలో తన టీఎల్‌బీని తనే చెరిపేసుకుంటుంది. అన్ని కోర్లనూ ఒక్కసారిగా ఆపాల్సిన అవసరం లేదు.

అసలు సున్నితమైన చోటు ఇక్కడుంది. జనరేషన్ మారిన క్షణంలో ఒక కోర్ మీద 37 నంబరున్న మన ప్రాసెస్ ఇంకా నడుస్తూనే ఉండొచ్చు. అదే ప్రాసెస్‌లో పక్కపక్కనే నడిచే ఇంకో పని (థ్రెడ్) వేరే కోర్ మీద మొదలై, దానికి వేరే నంబరు ఇచ్చారనుకోండి. ఆర్మ్‌లో 'ఈ పేజీ చెరపండి' అనే కబురు నంబరుతోనే అన్ని కోర్లకీ వెళ్తుంది. కబురు కొత్త నంబరుతో వెళ్తే, మొదటి కోర్‌లో 37 పేరున ఉన్న వరుస చెక్కుచెదరదు. అప్పటికే తిరిగి ఇచ్చేసిన పేజీని ఆ కోర్ ఇంకా చదువుతూనే ఉంటుంది! అందుకే ఆ క్షణంలో పరుగులో ఉన్న నంబర్లను కెర్నల్ పక్కన రాసిపెట్టుకుంటుంది. మన ప్రాసెస్ 37నే ఉంచుకుంటుంది, రాసుకున్న విలువ మాత్రం 549 అవుతుంది.

మామూలు ప్రోగ్రాము కెర్నల్ మెమరీని చదివేయగలిగే మెల్ట్‌డౌన్ అనే ప్రాసెసర్ లోపం 2018 జనవరిలో బయటపడ్డాక నంబర్ల కరువు ఇంకా పెరిగింది. దాని నుంచి కాపాడుకోవడానికి కెర్నల్‌కూ యూజర్ ప్రోగ్రాముకూ పేజీ టేబుళ్లను విడదీశారు. ఆ రక్షణ ఆన్‌లో ఉంటే ఆర్మ్‌లో ఒక్కో ప్రాసెస్‌కి రెండేసి నంబర్లు కావాలి, అంటే ఉన్నవాటిలో సగమే మిగులుతాయి.

ఇంటెల్ తరహా ప్రాసెసర్లలో దీన్నే పీసీఐడీ అంటారు. 12 బిట్లు, అంటే 4096 నంబర్లు. 2017 నవంబరులో వచ్చిన లినక్స్ 4.14 నుంచి కెర్నల్ వీటిని వాడుతోంది, కానీ ఒక్కో కోర్‌కి ఆరు ప్రాసెస్‌లనే గుర్తుపెట్టుకుంటుంది. ఆరు చాలన్నది ఒక కారణం. ఆ లెక్కంతా రెండు క్యాష్ లైన్లలో (ప్రాసెసర్ మెమరీ నుంచి ఒక్కోసారికి తెచ్చుకునే చిన్న ముక్కల్లో) పట్టాలన్నది రెండోది.