బ్రిటిష్ పీరియడ్ డ్రామాలు: ఒక కాస్ట్యూమ్ డిజైనర్ రాసిన అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో సీరియళ్లకు, అప్పుడప్పుడూ సినిమాలకు కాస్ట్యూమ్స్ చేయడం నా పని. షూటింగ్ లేని రాత్రుళ్లు నేను ఎక్కువగా చూసేవి బ్రిటన్ టీవీ వాళ్లు తీసిన పాతకాలపు కథలు. ప్రైడ్ అండ్ ప్రెజుడిస్, డౌన్‌టన్ అబే, వుల్ఫ్ హాల్, నార్త్ అండ్ సౌత్. చూసినవే మళ్లీ చూస్తాను. ఈ సంగతి తెలిసినవాళ్లు నాతో అనే మాటలు కొన్ని ఇక్కడ పెట్టి, ఒక్కోదానికీ జవాబు చెబుతాను. బట్టలతో బతికే మనిషిని కాబట్టి నా కన్ను ముందు అటే పోతుంది.

అపోహ: ఇవన్నీ బీబీసీ వాళ్లవే.

కాదు. డౌన్‌టన్ అబే (2010-15) బీబీసీకి పోటీగా ఉన్న ప్రైవేటు ఛానెల్ ఐటీవీలో వచ్చింది. బ్రైడ్స్‌హెడ్ రీవిజిటెడ్ (1981), ది జ్యువెల్ ఇన్ ద క్రౌన్ (1984) గ్రనాడా సంస్థ ఐటీవీ కోసం తీసినవి. బ్రిడ్జర్టన్ ఇంగ్లండ్‌లో తీశారే గానీ దాని వెనక ఉన్నది అమెరికన్ సంస్థ. అప్‌స్టెయిర్స్, డౌన్‌స్టెయిర్స్ (1971-75) కూడా ఐటీవీదే. జీతాల గొడవలో టెక్నీషియన్లు కలర్ పరికరాలు ముట్టుకోబోమని భీష్మించడంతో దాని మొదటి ఎపిసోడ్లు కొన్ని బ్లాక్ అండ్ వైట్‌లో తీయాల్సి వచ్చింది. అవి చూస్తున్నప్పుడు ఆ కాస్ట్యూమ్ టీమే గుర్తొస్తుంది నాకు. బ్లాక్ అండ్ వైట్‌లో ముదురు ఎరుపూ ముదురు ఆకుపచ్చా ఒకే బూడిదరంగులో కలిసిపోతాయి. రంగుతో చెప్పాలనుకున్నదంతా నేత మీదా, మెరుపు మీదా, కుచ్చుల మీదా పెట్టుకోవాలి.

అపోహ: కార్సెట్ (ఒంటి చుట్టూ తాడుతో బిగించి కట్టే లోదుస్తు) అంటే ఆడవాళ్లకు చిత్రహింస. ఆ రోజుల్లో ఊపిరాడక పడిపోయేవాళ్లు.

ముందు ఏ కాలం కార్సెట్ గురించి మాట్లాడుతున్నామో చూసుకోవాలి. జేన్ ఆస్టిన్ కథలు జరిగే 1810 ప్రాంతం తీసుకోండి. అప్పటి గౌన్లకు నడుము కుట్టు ఛాతీ కిందే వస్తుంది. అక్కడి నుంచి బట్ట నేరుగా పాదాల దాకా జారిపోతుంది. కనిపించని నడుమును బిగించాల్సిన పనేముంది? ఆ కాలపు లోదుస్తు పని ఛాతీని నిలబెట్టడం, వీపు నిటారుగా ఉంచడం. తాడు దూర్చే కన్నాలు కూడా దారంతో చేత్తో కుట్టినవే, మరీ గట్టిగా లాగితే బట్ట చిరుగుతుంది. కన్నాల చుట్టూ బిగించే లోహపు రింగులు (ఐలెట్లు) వచ్చింది 1820ల చివర్లో. బ్రిడ్జర్టన్ కథ 1813లో మొదలవుతుంది. దాని మొదటి ఎపిసోడ్‌లోనే ఒక అమ్మాయికి ఊపిరాడనంతగా నడుము బిగించే సీన్ ఉంది. ఆ పైన వేసే గౌనులో ఆ నడుము కనిపించనే కనిపించదు.

విక్టోరియా రాణి కాలానికి వచ్చేసరికి సన్నటి నడుము ఫ్యాషన్ అయిన మాట నిజమే. అతిగా బిగించుకున్నవాళ్లూ ఉన్నారు. కానీ మెట్లు కడిగిన పనిమనుషులూ, మిల్లుల్లో నిలబడి పనిచేసిన ఆడవాళ్లూ వేసుకున్నది కూడా కార్సెట్టే. అప్పటి స్కర్టులు బరువు, వాటి కింద పెట్టికోట్లు ఇంకా బరువు, అన్నిటి నాడాలూ నడుముకే కట్టాలి. లంగా నాడా నడుము మీద కోసుకుపోతే ఎలా ఉంటుందో మన ఆడవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. కార్సెట్ ఉంటే ఆ నాడాలు ఒంటిని కోయవు, బరువు నడుము చుట్టూ సర్దుకుంటుంది.

మరి నటీమణులు ఇంటర్వ్యూల్లో కార్సెట్ బాధ ఎందుకు చెబుతారు? కింద వేసుకోవాల్సిన పల్చటి నూలు గౌను వేయకుండా నేరుగా ఒంటి మీద కట్టినా, తన కొలతకు కుట్టనిది బిగించినా, ఒంటికి అలవాటు కావడానికి టైమ్ ఇవ్వకుండా మొదటి రోజే పన్నెండు గంటలు వేయించినా బాధగానే ఉంటుంది. ట్రయల్ సరిగా చూడకపోతే జాకెట్టు కూడా చంకలో కోసేస్తుంది. అది ట్రయల్ చూడని మనిషి తప్పు.

అపోహ: ప్రతి డ్రెస్సూ కొత్తగా కుట్టిస్తారు. అంత డబ్బు మన దగ్గరెక్కడిది?

వాళ్ల దగ్గరా ఉండదు. లండన్‌లో ఏంజెల్స్ అనే కాస్ట్యూమ్ హౌస్ 1840 నుంచి ఉంది. జాన్ బ్రైట్ 1965లో మొదలుపెట్టిన కాస్‌ప్రాప్ ఉంది. మన కృష్ణానగర్‌లో అద్దె బట్టల షాపులు నడిచినట్టే అక్కడా నడుస్తాయి, కాకపోతే స్టాకు ఎన్నో రెట్లు పెద్దది. 1995 ప్రైడ్ అండ్ ప్రెజుడిస్‌కు కాస్ట్యూమ్ డిజైనర్ డైనా కాలిన్. ఆ కాలపు బట్టలు బీబీసీ స్టాకులో తక్కువగా ఉండటంతో ముఖ్యపాత్రలవి చాలావరకు ఆమె మ్యూజియంలు తిరిగి చూసి కొత్తగా డిజైన్ చేశారు. గుంపులో కనిపించేవాళ్లవి మాత్రం పాత సీరియళ్ల నుంచి తెచ్చినవీ, అద్దెకు తెచ్చినవీ ఎక్కువ.

ఒకే గౌను లేసు మార్చుకుని, చేతులు మార్చుకుని పదేళ్ల తర్వాత ఇంకో సీరియల్లో ఇంకో మనిషి ఒంటి మీద కనిపిస్తుంది. మళ్లీ మళ్లీ చూసేవాళ్లకు వాటిని పట్టుకోవడం ఒక సరదా. ప్రైడ్ అండ్ ప్రెజుడిస్‌లో హీరో డార్సీగా వేసిన కోలిన్ ఫర్త్ చెరువులో దూకి తడిచొచ్చిన తెల్ల చొక్కా 2024లో వేలానికి వచ్చి 20 వేల పౌండ్లు పలికింది. అన్నట్టు, ఆ చెరువు సీన్ జేన్ ఆస్టిన్ రాసిన 1813 నవలలో లేదు. స్క్రిప్ట్ రాసిన ఆండ్రూ డేవీస్ కల్పించింది.

అపోహ: అక్కడ చూపించేదంతా అసలు చరిత్రే.

కాదు, కానక్కర్లేదు కూడా. డైనా కాలిన్ మ్యూజియంలు తిరిగినా ఇప్పటి ప్రేక్షకుల కంటికి బాగుండేలానే తీర్చారు. చూసేవాళ్లు తమకు తెలియకుండానే నమ్మే చోట మరీ అద్భుతమైన పని ఉంటుంది. డౌన్‌టన్ అబేలో ఫుట్‌మన్ (భోజనం వడ్డించే పనివాడు) కింద వంటింట్లో పళ్లెం అందుకుని, పైన భోజనాల గదిలోకి తెస్తాడు. పైగది హాంప్‌షైర్‌లోని హైక్లియర్ కాజిల్. వంటిల్లు లండన్‌లోని ఈలింగ్ స్టూడియోలో వేసిన సెట్. మెట్లెక్కే ఆ కాసేపట్లో అతను ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకు వెళ్లిపోయాడు, మధ్యలో ఎన్నో రోజులు గడిచిపోయాయి. చేతి గ్లవ్ ముడత, కోటు గుండీలు, కాలర్ వంపు అన్నీ అలాగే ఉండాలి. కంటిన్యుటీ ఫొటోలతో కుస్తీ పట్టే ఏ అసిస్టెంట్‌నైనా అడగండి, అదెంత టెన్షనో చెబుతారు.

వుల్ఫ్ హాల్ (2015) ఇంకో దారి పట్టింది. దర్శకుడు పీటర్ కాస్మిన్‌స్కీ రాత్రి సీన్లను కొవ్వొత్తుల వెలుగులోనే తీయించారు. ఏమీ కనిపించడం లేదని అప్పట్లో కొందరు ప్రేక్షకులు ఫిర్యాదు చేశారు కూడా. నాకైతే ఆ వెలుగులోనే ట్యూడర్ రాజుల కాలపు (16వ శతాబ్దపు ఇంగ్లండ్) బట్టలు అర్థమయ్యాయి. నల్ల వెల్వెట్ వెలుగును మింగేస్తుంది. అంచున బంగారు జరీ ఒక్కటే మినుకుమంటుంది. గదిలో ఎవరు రాజో ముఖం కనపడకముందే తెలిసిపోతుంది.

అపోహ: ఎప్పుడూ దొరల కథలే.

కాల్ ద మిడ్‌వైఫ్ చూడండి. 2012 నుంచి నడుస్తోంది. 1957 నుంచి మొదలయ్యే కథ, లండన్ తూర్పున పోప్లర్ అనే పేదల పేట, సైకిళ్ల మీద తిరిగి పురుళ్లు పోసే మంత్రసానులు, నన్‌లు. నార్త్ అండ్ సౌత్ (2004) నూలు మిల్లు కథ. హీరోయిన్ మొదటిసారి మిల్లు తలుపు తీసినప్పుడు గాల్లో పత్తి నూగు మంచులా తేలుతుంటుంది. చూడ్డానికి ఎంతో అందంగా ఉన్న ఆ నూగే ఊపిరితిత్తుల్లోకి పోయి ఒక పిల్ల ప్రాణం తీస్తుంది. రెండోసారి చూస్తే ఆ మొదటి షాట్ అందంగా అనిపించదు.

అపోహ: ఒకసారి చూసిన కథను మళ్లీ చూడటం టైమ్ వేస్ట్.

నేను ఎక్కువగా వినేది ఇదే. "ఎవరు ఎవర్ని పెళ్లి చేసుకుంటారో తెలుసుగా అక్కా, మళ్లీ ఏం చూస్తారు?" అని మా అసిస్టెంట్లు అడుగుతుంటారు. తెలుసు కాబట్టే చూస్తాను. మొదటిసారి ఏం జరుగుతుందోనన్న ఆత్రం కంటిని ముఖాలకూ మాటలకూ కట్టేస్తుంది. కథ తెలిసిపోయాక ఆ ఆత్రం ఉండదు. అప్పుడు చేతులు కనిపిస్తాయి, బట్టలు కనిపిస్తాయి, మాట్లాడనివాళ్లు కనిపిస్తారు. ఈ డ్రామాలు తీసేవాళ్లు సగం కథ అక్కడే పెడతారు.

ప్రైడ్ అండ్ ప్రెజుడిస్‌లో డార్సీ స్నేహితుడైన బింగ్లీ అక్కచెల్లెళ్లకు ఎక్కడా అచ్చు పువ్వుల నూలు గౌను వేయలేదు. ఎప్పుడూ ముదురు రంగులు, తల మీద పెద్ద పెద్ద ఈకలు. బెనెట్ ఆడపిల్లలకు తెలుపు, మీగడ రంగు. వాళ్లలో ఒకరైన హీరోయిన్ ఎలిజబెత్‌కు మాత్రం మట్టిరంగులు, నడవడానికీ పరిగెత్తడానికీ వీలయ్యే కట్టు. జబ్బుపడ్డ అక్కను చూడటానికి ఆమె పొలాలకు అడ్డంపడి నడిచి వచ్చినప్పుడు గౌను అంచున బురద ఉంటుంది. ఆ బురద అంచు మీద బింగ్లీ అక్కచెల్లెళ్లు ఎంతసేపు మాట్లాడుకుంటారో గమనించండి. మచ్చలేని బట్ట అంటే ఉతకడానికి ఇంట్లో మనుషులు ఉన్నారని ఊరికి చెప్పడం. బట్టకు బురద అంటినా లెక్కచేయని మనిషిని వాళ్లు భరించలేరు. డార్సీకి ముదురు రంగులే కావాలని పట్టుబట్టింది కోలిన్ ఫర్తే. వెచ్చటి రంగులు బింగ్లీకి వదిలేశారు. ఇద్దరూ పక్కపక్కన నిలబడితే ఎవరితో మాట కలపాలనిపిస్తుందో, నోరు విప్పకముందే తేలిపోతుంది.

అదే సీరియల్లో డార్సీ బంగళా పెంబర్లీలోని సంగీతం గది సీన్ నాకు మరీ ఇష్టం. కారొలైన్ బింగ్లీ కావాలనే ఒక మాట అంటుంది. పియానో దగ్గర ఉన్న డార్సీ చెల్లెలు తడబడుతుంది. ఎలిజబెత్ ఏమీ ఎరగనట్టు ఆ పిల్ల పక్కకు వెళ్లి నిలబడి పేజీలు తిప్పుతుంది. ఆ తర్వాత ఆమె, డార్సీ గదికి అటూ ఇటూ నుంచి ఒకరినొకరు చూసుకుంటారు. మొదటిసారి ఆ చూపులు చూశాను. తర్వాత ఎప్పుడో చెల్లెల్ని చూశాను. ఆ పిల్ల భుజాలు మెల్లగా కిందికి దిగుతాయి. అన్న ప్రేమలో ఎందుకు పడ్డాడో ఆ భుజాల్లో ఉంది.

డౌన్‌టన్ అబేలో లేడీ మేరీ భర్త చనిపోయాక నాలుగో సిరీస్ నల్లబట్టలతో మొదలవుతుంది. ఇంగ్లండ్ పెద్దింటి ఆచారం ప్రకారం ముందు మెరుపు లేని నలుపు, కొంతకాలం గడిచాక బూడిదరంగు, లేత ఊదా. చాలాకాలం గదిలోంచి రాని మేరీ కౌలురైతుల భోజనానికి ఊదారంగులో వచ్చి కూర్చుంటుంది. "నేను తేరుకున్నాను" అనే డైలాగు అక్కర్లేదు. భర్త పోయిన ఆడమనిషి ఏ రంగు కట్టాలో పక్కవాళ్లు నిర్ణయించడం మనకూ కొత్త కాదు. అందుకే ఆ ఊదారంగు నాకు అంత గట్టిగా తగులుతుంది.

అపోహ: ఎవరివో తెల్లవాళ్ల కథలు, మనకు సంబంధం లేదు.

ది జ్యువెల్ ఇన్ ద క్రౌన్ మనదేశంలో బ్రిటిష్ పాలన చివరి రోజుల కథ. 14 భాగాలు. ఉదయ్‌పూర్, మైసూర్, సిమ్లాలలో తీశారు. జోహ్రా సెహగల్, సయీద్ జాఫ్రీ ఉన్నారు.

నాకైతే అంతకంటే దగ్గరి సంబంధం బట్టలో కనిపిస్తుంది. 18వ శతాబ్దం కథల్లో పెద్దింటి పడకగది వచ్చినప్పుడు మంచం చుట్టూ వేలాడే పువ్వుల తెరలు చూడండి. తీగలూ పక్షులూ ఉన్న ఆ నూలుబట్టకు మూలం మన కోరమాండల్ తీరం. ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో వర్తక కేంద్రం పెట్టింది 1611లో. మన అద్దకం బట్ట అక్కడ ఎంతగా పాకిందంటే, వాళ్ల ఉన్ని, పట్టు నేతగాళ్లు గగ్గోలు పెట్టారు. 1700లో ఒక చట్టం చేసి దిగుమతి ఆపారు. 1721లో ఇంకో చట్టం చేసి చాలావరకు వాడకమే నిషేధించారు. 1774 దాకా అది ఎత్తేయలేదు. ప్రసిద్ధ నటుడు డేవిడ్ గారిక్ ఇంటికి కలకత్తా నుంచి కానుకగా వచ్చిన మంచం తెరల్ని కస్టమ్స్ వాళ్లు పట్టుకున్నారు. అవి మచిలీపట్నంలో అద్దినవి. ఆ మంచం ఇప్పుడు లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. పెడనలో ఈరోజుకీ అచ్చుదిమ్మలతో అద్దుతున్నారు. ఆ పని దగ్గరగా చూసినవాళ్లకు ఈ డ్రామాల్లో గోడలూ, పరుపులూ, దొరల పొడవాటి ఇంటి కోట్లూ పరాయివిగా అనిపించవు.

అపోహ: ఇంగ్లీష్ బాగా వస్తేనే అర్థమవుతాయి.

సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, నేనూ పెట్టుకుంటాను. యార్క్‌షైర్ యాస పట్టుకోవడం ఎవరికైనా కష్టమే. అసలు మొదటిసారి కథ కోసం చూసేయండి. రెండోసారి ప్రైడ్ అండ్ ప్రెజుడిస్ మొదటి ఎపిసోడ్‌లో ఊరి డ్యాన్స్ సీన్ ఒక్కటి మ్యూట్‌లో పెట్టి చూడండి. ఎవరికి డబ్బుంది, ఎవరు ఎవరి కన్నా ఒక మెట్టు పైన ఉన్నాననుకుంటున్నారు, ఎవరి గౌను ఇంట్లో కుట్టింది, ఎవరిది లండన్ నుంచి వచ్చింది, కాగితం మీద రాసుకోండి. తర్వాత సౌండ్ పెట్టి సరిచూసుకోండి.