విశ్వాసి చనిపోతే “ఏ పాపం చేశాడో” అనే ముందు: కొన్ని అపోహలు, వాస్తవాలు

గత నెల ఒక సమాధి కార్యక్రమానికి వెళ్లాను. ముప్పై ఆరేళ్ల కుర్రాడు. రాత్రి ఛాతీలో నొప్పి అన్నాడు, తెల్లారేసరికి లేడు. మట్టి వేయడం అయ్యాక పంపు దగ్గర చేతులు కడుక్కుంటుంటే వెనక నుంచి ఒక పెద్దమనిషి అన్నాడు: “ఏదో ఉండే ఉంటుంది అయ్యగారూ. మొన్న ఈస్టరుకి బల్లలో పాలుపొందాడు కదా. పరీక్షించుకోకుండా తీసుకుంటే అంతే మరి. వాక్యం ఊరికే పోతుందా?” బల్ల అంటే ప్రభువు మరణాన్ని జ్ఞాపకం చేసుకుంటూ రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ప్రభురాత్రి భోజనం. తల తిప్పి చూస్తే ఆ కుర్రాడి అక్క ఖాళీ చెంబు పట్టుకుని మా వెనకే వరసలో నిలబడి ఉంది. మొత్తం వింది.

సంఘ కాపరిగా ఇరవై రెండేళ్లయింది నాకు. ఈ మాట ఎన్ని సమాధుల దగ్గర విన్నానో లెక్కలేదు. 2021 వేసవిలో కరోనా రెండో వేవ్‌లో అయితే మరీ ఘోరం. ఎవరు పోయినా వాట్సాప్‌లో ఒక కారణం తయారు. దశమభాగం (సంఘానికి ఇచ్చే పదో వంతు) ఎగ్గొట్టాడని ఒకరు, సంఘం మారాడని ఇంకొకరు. కాపరులే పోతుంటే మాత్రం “దేవుడు తన దాసుణ్ణి విశ్రాంతికి పిలుచుకున్నాడు” అన్నారు. అదే జబ్బు, అదే ఆక్సిజన్ కొరత. విశ్వాసికైతే శిక్ష, పాస్టరుకైతే విశ్రాంతి!

అపోహ: విశ్వాసి అర్ధాంతరంగా పోయాడంటే లోపల ఏదో పాపం ఉన్నట్టే

ముందు ఒప్పుకోవలసింది ఒప్పుకుంటాను. దేవుడు తన పిల్లల్ని మరణం దాకా శిక్షించడం అనేది బైబిల్లో ఉంది. అలాంటిదేమీ లేదని మెత్తగా చెప్పేవాళ్లతో నేను ఏకీభవించను. మొదటి కొరింథీ 11:30 చూడండి: “ఇందువలననే మీలో అనేకులు బలహీనులును రోగులునై యున్నారు, చాలమంది నిద్రించుచున్నారు.” నిద్రించడమంటే ఇక్కడ చనిపోవడమే. ఎంత తిప్పి చదివినా అది చెప్పేది అదే.

అయితే ఆ మాట అన్నదెవరు? అపొస్తలుడైన పౌలు. ఆ కొరింథు సంఘాన్ని స్థాపించినవాడు, ఆత్మ ప్రేరణతో రాస్తున్నవాడు. పాపం ఏమిటో ముందు పేరు పెట్టి చెప్పి, ఆ తర్వాత మరణాల గురించి మాట్లాడాడు. మనం చేసేది తలకిందులు. శవాన్ని చూసి పాపం వెతుకుతాం. వాన పడితే వాకిలి తడుస్తుంది, నిజమే. వాకిలి తడిసి ఉంది కాబట్టి వాన పడిందంటే ఎలా? పొద్దున్నే ఎవరో కళ్లాపి చల్లి ఉండొచ్చు.

తడిసిన వాకిలి చూసి వాన అన్నవాళ్లు బైబిల్లోనూ ఉన్నారు, వాళ్లకు పడిన చీవాట్లూ ఉన్నాయి. అన్నీ పోగొట్టుకుని రోగంతో కూర్చున్న యోబును చూసి, నువ్వేదో పాపం చేసే ఉంటావని అతని స్నేహితులు అదే పని చేశారు. చివరికి దేవుడు వాళ్లమీద కోపపడి, యోబు చేత ప్రార్థన చేయించుకోమన్నాడు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి “ఎవడు పాపము చేసెను? వీడా, వీని కన్నవారా?” అని శిష్యులు అడిగితే, ఇద్దరూ కాదన్నాడు ప్రభువు. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోతే, వాళ్లు యెరూషలేములో మిగతావాళ్లకంటే పెద్ద పాపులనుకుంటున్నారా అని ఆయనే ఎదురు ప్రశ్న వేశాడు. ఎలీషా ప్రవక్త సంగతి చూడండి. ఆయన ఎముకలు తగిలి చచ్చినవాడు లేచాడు కానీ, ఆయన మాత్రం రోగంతోనే పోయాడు. బాప్తిస్మమిచ్చు యోహాను తల పోయింది. ఏ పాపానికి?

ఇంకొకటి. కొరింథు సంఘంలోనే తండ్రి భార్యను ఉంచుకున్నవాడు ఒకడున్నాడు, ఐదో అధ్యాయంలో. అన్యజనుల్లో కూడా లేని పాపం అని పౌలు మండిపడ్డాడు. పౌలు ఆ ఉత్తరం రాసేనాటికి వాడు బతికే ఉన్నాడు. వాణ్ణి సంఘం నుంచి బయట పెట్టమన్నాడు, సాతానుకు అప్పగించమన్నాడు, అదీ వాడి ఆత్మ రక్షింపబడడానికి. పదకొండో అధ్యాయంలో చనిపోయినవాళ్లు మాత్రం భోజనం దగ్గర తప్పు చేసినవాళ్లు. ఇప్పుడు చెప్పండి, పాపం బరువును బట్టి ఆయుష్షు కొలిచే తూకంరాయి ఎవరి దగ్గరుంది? నా దగ్గరైతే లేదు.

భోజనం దగ్గర అసలేం జరిగింది

పౌలు ఎఫెసులో ఉండగా, సుమారు క్రీ.శ. 55 ప్రాంతంలో రాసిన ఉత్తరం ఇది. కొరింథు రేవుల మధ్య వ్యాపార పట్టణం. డబ్బున్నవాళ్లు, బానిసలు ఒకే సంఘంలో ఉండేవాళ్లు. అప్పటికి ప్రభురాత్రి భోజనం అంటే మనలా చిటికెడు రొట్టె, ఉగ్గుగిన్నెడు ద్రాక్షారసం కాదు. అందరూ కలిసి కూర్చుని తినే నిజమైన భోజనంలో భాగం. కలిగినవాళ్లు ఎవరిది వాళ్లు ముందే తినేసేవాళ్లు. లేనివాళ్లకు ఏమీ మిగిలేది కాదు. “ఒకడు ఆకలిగొనును మరియొకడు మత్తుడవును” అని పౌలు రాసింది దీని గురించే. “పేదలను సిగ్గుపరచుదురా?” అని గద్దించిందీ దీని గురించే.

కాబట్టి, అయోగ్యముగా తిని త్రాగేవాడు అపరాధి అని 27వ వచనంలో ఉన్న “అయోగ్యముగా” అన్న మాట తినే తీరుకు సంబంధించింది. ఆ ఉత్తరం మొదట రాసిన గ్రీకులో కూడా అది క్రియావిశేషణమే. మనవాళ్లు దాన్ని “అయోగ్యుడు తింటే” అని చదువుకుంటారు. యోగ్యుడెవడండీ? యోగ్యులకే ఆ బల్ల అయితే వడ్డించే నేనే ముందు లేచి బయటికి పోవాలి.

నాకు నవ్వొచ్చే సంగతి ఒకటుంది. ఈ వాక్యం చెప్పి జనాన్ని భయపెట్టే చాలా సంఘాల్లో పెళ్లి భోజనాలకు పెద్దలకు వేరే గది, వేరే కూరలు ఉంటాయి. పౌలు తిట్టింది సరిగ్గా దాన్నే. దాని మీద ప్రసంగం ఎప్పుడైనా విన్నారా?

అపోహ: అలా పోయినవాళ్లు నరకానికే

కాదు. అదే పదకొండో అధ్యాయంలో 32వ వచనం చదవకుండా 30 దగ్గర ఆగిపోవడం వల్ల వచ్చిన తంటా ఇది: “మనము తీర్పు పొందినయెడల లోకముతోపాటు మనకు శిక్షావిధి కలుగకుండునట్లు ప్రభువుచేత శిక్షింపబడుచున్నాము.” ఇక్కడ మన తెలుగు బైబిల్ చదివేవాళ్లకు ఒక చిక్కు ఉంది. శిక్షావిధి, శిక్షింపబడుట, రెంటిలోనూ “శిక్ష” ఉంది కాబట్టి రెండూ ఒకటే అనిపిస్తుంది. గ్రీకులో అవి వేరువేరు మాటలు. శిక్షావిధి అంటే నేరస్థుడని తేల్చి వేసే తీర్పు. రోమా 8:1లో క్రీస్తు యేసునందున్నవారికి లేదన్నది అదే. రెండోది పిల్లవాణ్ణి పెంచడంలో వాడే మాట. అపొస్తలుల కార్యములు 7:22లో మోషే ఐగుప్తు విద్యలు నేర్చుకున్నాడన్న చోట ఉన్నది ఆ క్రియే. పిలాతు యేసును శిక్షించి వదిలేస్తానన్న చోటా అదే. అందులో బడీ ఉంది, బెత్తమూ ఉంది. హెబ్రీ 12లో తండ్రి కొడుకును శిక్షిస్తాడన్నదీ ఈ కుటుంబపు మాటే. మన పాత తెలుగులో కూడా శిక్ష అంటే నేర్పడమే కదా, శిక్షణ వచ్చింది అక్కడి నుంచే.

ఇక “నిద్రించుచున్నారు” అన్న మాట. మనం ఫ్లెక్సీల మీద, సమాధి రాళ్ల మీద “ప్రభువునందు నిద్రించిరి” అని రాయిస్తాం చూడండి, పౌలు వాళ్లకు వాడింది ఆ మాటే. అదే ఉత్తరం 15వ అధ్యాయంలో, క్రీస్తు “నిద్రించినవారిలో ప్రథమఫలముగా” లేచాడని రాసినప్పుడూ అదే. ఆ కొరింథువాళ్లను ఆయన లోకస్థుల లెక్కలో వేయలేదు.

అపోహ: కానుక దాచుకుంటే అననీయ సప్పీరాల గతే

అననీయ, సప్పీరా అనే దంపతులు పొలం అమ్మిన డబ్బు పేతురు దగ్గరికి తెచ్చి, అక్కడికక్కడే చనిపోయిన కథ ఇది. దీని గురించి ఎక్కువ రాస్తే బీపీ పెరుగుతుంది. అపొస్తలుల కార్యములు ఐదో అధ్యాయం నాలుగో వచనం ఒక్కటి చదవండి. “అది నీయొద్ద నున్నప్పుడు నీదే గదా? అమ్మబడిన పిమ్మట అది నీ వశమై యుండలేదా?” అని పేతురే అడిగాడు. ఇవ్వకపోయినా తప్పు లేదు, సగం ఇచ్చినా తప్పు లేదు. కొంత దాచుకుని మొత్తం తెచ్చామని అబద్ధమాడారు, వాళ్ల తప్పు అదీ. ఈ కథ చెప్పి కానుకల కవర్లు పంచేవాళ్లు దేవుడి ముందు ఏం జవాబు చెప్పుకుంటారో!

మిగతావి గబగబా

“మరణకరమైన పాపము” (మొదటి యోహాను 5:16) అంటే ఫలానాది అని జాబితా చెప్పేవాళ్లను నమ్మకండి. యోహాను జాబితా ఇవ్వలేదు. అది శరీర మరణమని కొందరు, క్రీస్తును పూర్తిగా తోసేయడమని కొందరు పండితులు అంటారు. నాకు రెండోది సరిగా తోస్తుంది, ఉత్తరం మొత్తం దాని గురించే కాబట్టి. ఏదైనా సరే, ఆత్మహత్య జరిగిన ఇంటికి వెళ్లి ఈ వాక్యం తీయకండి. దయచేసి.

జబ్బు శిక్షే కాబట్టి మందులు వేసుకుంటే దేవునికి ఎదురు తిరిగినట్టు అనేది ఇంకొకటి. షుగర్ ఇన్సులిన్ మానేసి ఉపవాస ప్రార్థనలో కూర్చుని కాలు పోగొట్టుకున్న మనిషిని నేను ఆస్పత్రిలో చూశాను. జబ్బుపడ్డ రాజు హిజ్కియాకు యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద కట్టించాడు. తన శిష్యుడు తిమోతి కడుపునొప్పికి పౌలు వైద్యమే చెప్పాడు తప్ప, ఏ పాపం చేశావని అడగలేదు. యాకోబు 5:15లో రోగి కోసం పెద్దలు ప్రార్థించమన్న చోట “పాపములు చేసినవాడైతే” అని ఉంది. ఆ “ఐతే”ని మింగేయకూడదు.

“అయ్యగారూ, నాకూ అలా అవుతుందా?”

ఇలా అడిగేవాళ్లంటే నాకు జాలి. వీళ్లు సాధారణంగా పేదలను సిగ్గుపరిచేవాళ్లు కాదు. ఇంట్లో మాటామాటా అనుకున్నందుకు మూడు నెలలు బల్లకు దూరంగా ఉండేవాళ్లు. వీళ్లకు నేను చూపించేది మొదటి కొరింథీ 11లోనే 28వ వచనం రెండో సగం. పరీక్షించుకొనవలెను అని చెప్పి పౌలు ఆపలేదు. “ఆలాగుచేసి ఆ రొట్టెను తిని ఆ పాత్రలోనిది త్రాగవలెను” అన్నాడు. పరీక్షించుకునేది రావడానికే. మనలను మనమే విమర్శించుకుంటే తీర్పు ఉండదని 31వ వచనం చెబుతోంది. తప్పు చేసి పట్టించుకోకుండా బతికేవాడు భయపడాలి, నిజమే. వాడు మాత్రం ఈ ప్రశ్న వేయడానికి నా దగ్గరికి రాడు.

ఇంత ధైర్యంగా రాస్తున్నాను కదా, నా సంగతి కూడా చెప్పాలి. సేవకు వచ్చిన కొత్తలో, ఇరవై ఆరేళ్ల వయసులో, ఒక సమాధి దగ్గర ఈ 30వ వచనమే చదివాను. నెలలో మొదటి ఆదివారం, అంటే బల్ల ఉండే రోజు, ఆరాధన అయ్యి బండి మీద వెళ్తూ లారీ కింద పడిపోయిన మనిషి. నాకు ఆయన మీద అనుమానమేమీ లేదు. యవ్వనస్థులు ఎక్కువ మంది వచ్చారు, ఒక హెచ్చరిక చెబుదామనుకున్నాను, అంతే. ఆ మాట ఎటు పోయి తగులుతుందో ఆలోచించలేదు.

ఆయన భార్య ఆ రోజు నుంచి ఆదివారం మానలేదు. కానీ మొదటి ఆదివారం స్టీల్ ట్రే వరసలోంచి వస్తుంటే, కొంగు చేతికి చుట్టుకుని, గ్లాసులు చూడకుండా పక్కామెకు అందించేసేది. పదకొండేళ్లు. నేను గమనించాను, అడగలేదు. అడిగింది మా ఇంట్లో అమ్మగారు, నా భార్య. ఆ పొద్దున గుడికి వచ్చే ముందు వాళ్లిద్దరూ డబ్బు దగ్గర గొడవపడ్డారట. ఆమె ఏదో శపించినట్టు మాట తూలిందట. ఆయన ఆ కోపంతోనే బల్లలో పాలుపొందాడట. నేను సమాధి దగ్గర ఆ వాక్యం ఎత్తగానే, అయ్యగారికి దేవుడు బయలుపరిచాడు అనుకుంది.

ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లాను. ఆమె కింద కూర్చోబోతే వద్దని నేనే చాప మీద కూర్చున్నాను. నాకు ఏ బయలుపాటూ రాలేదమ్మా, తెలియక చదివాను, నన్ను క్షమించు అన్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగింది: “అయితే ఆయన ఎందుకు పోయారు అయ్యగారూ?”

నాకు తెలియదన్నాను. లారీకి బ్రేకులు పడలేదని పోలీసులు చెప్పారు, అంతకుమించి నాకు తెలియదు.

ఆ తర్వాతి మొదటి ఆదివారం కూడా ట్రే పక్కకు అందించేసింది. మూడో నెలలో తీసుకుంది. చెయ్యి వణికి సగం కొంగు మీద ఒలికింది. మిగిలిన సగం తాగి, ఖాళీ గ్లాసు ట్రేలో పెట్టకుండా ఆరాధన అయ్యేదాకా గుప్పిట్లోనే పట్టుకుని కూర్చుంది.