రెండణాల నుంచి సగం పంట దాకా: దక్షిణ ఒడిశాలో కౌలు

బరంపురం, పర్లాకిమిడి చుట్టుపక్కల పొలం ఒకరి పేరన, సాగు మరొకరి చేతిలో ఉండడం మామూలే. ఆ రెండోవారి పేరు చాలాసార్లు ఏ కాగితంలోనూ కనబడదు. దీని మూలం జమీందారీ కాలంలో ఉంది.

1802 నాటి మద్రాసు రెగ్యులేషనుతో జమీందారు సర్కారుకు కట్టే పేష్కషు శాశ్వతంగా స్థిరపడింది. రైతు దగ్గర వసూలయ్యే శిస్తుకు అంత గట్టి హద్దు లేకపోవడంతో పెరిగిన రాబడి జమీందారుకే మిగిలేది. 1908 ఎస్టేట్స్ భూమి చట్టం జిరాయితీ రైతుకు, అంటే జమీందారుకు శిస్తు కట్టి సాగుచేసుకునే రైతుకు, సాగు హక్కునిచ్చినా శిస్తు భారం తీరలేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి పట్టణం అటు వెళ్ళి, ఎస్టేటులో పెద్ద భాగం మద్రాసులో ఉండిపోయింది. మద్రాసులో ప్రకాశం సంఘం 1938లో, భూమి రైతుదేననీ జమీందారు కేవలం శిస్తు వసూలుదారనీ తేల్చింది. అప్పటి ఒడిశా రాజధాని కటకంలో విశ్వనాథ దాస్ మంత్రివర్గం తెచ్చిన బిల్లు, జమీందారీ శిస్తును పొరుగు రైత్వారీ గ్రామాల (రైతు నేరుగా సర్కారుకే శిస్తు కట్టేవి) స్థాయికి తగ్గించి, దానిపై రూపాయికి రెండణాలు, అంటే ఎనిమిదో వంతు, జమీందారుకు పరిహారంగా ఇవ్వాలంది. యజమానికి న్యాయంగా దక్కవలసింది ఎంత అన్న ప్రశ్నకు ఒక చట్టసభ అంకెల్లో చెప్పిన అరుదైన జవాబు ఇది. జమీందార్లు అడ్డుపడ్డారు, పైనుంచి అనుమతి రాలేదు.

ఒడిశా 1951 చట్టంతో ఎస్టేట్లు రద్దయ్యాయి, చిన్న యజమానులు మిగిలారు. 1960 భూసంస్కరణల చట్టం వితంతువులు, మైనర్లు, సైనికుల వంటివారికి తప్ప కౌలుకివ్వడాన్నే నిషేధించి, కౌలు పంటలో నాలుగో వంతు దాటరాదంది. ఆచరణలో కోరు (పంటలో వాటాగా ఇచ్చే కౌలు) అంటే చాలాచోట్ల సగం, అదీ నోటిమాట మీదే. ఆ మినహాయింపుల్లోకి రానివాడు ఉద్యోగరీత్యా ఊరు విడిచి పొలం కౌలుకిస్తే చట్టం దృష్టిలో తప్పు చేసినవాడవుతాడు కనుక, కాగితం రాయడానికి అతను భయపడడంలో వింత లేదు. ఆ భయం ఖరీదు మాత్రం కౌలుదారుడిదే: బ్యాంకు అప్పు పుట్టదు, 2018 అక్టోబరులో తిత్లీ వంటి తుపాను వస్తే నష్టం తనదని రుజువు చేసుకోవడం కష్టం, ఎరువుకు తాను పెట్టిన ఖర్చు ఫలితంలో సగం యజమానికి పోతుంది కనుక ఎక్కువ పెట్టడానికి చెయ్యి ఆడదు.

సరిహద్దు దాటి పాతపట్నం వెళ్తే, ఆంధ్రప్రదేశ్ 2019 చట్టం పదకొండు నెలల సాగు హక్కు పత్రం ఇస్తుంది, యజమాని హక్కుకు భంగం కలగదని హామీ కూడా ఇస్తుంది. అయితే ఆ పత్రానికి యజమాని సంతకం కావాలి.