పాపికొండల బోటుకు పర్మిషన్ ఎవరిది?

గోదావరి వరద తగ్గి పాపికొండల టూర్ల బుకింగులు మొదలయ్యాయంటే చాలు, వరంగల్‌లో పాత గొడవ మళ్లీ లేస్తుంది. ఆ బోట్లకు పర్మిషన్ ఇచ్చేదెవరు, రేవులో నిలబడి చూసుకునేదెవరు అని. కచ్చులూరులో ఏం జరిగిందో ఇక్కడివాళ్లకు మళ్లీ చెప్పనక్కర్లేదు. 2019 సెప్టెంబర్ 15న అక్కడ గోదావరిలో మునిగిన రాయల్ వశిష్ఠ అనే టూరిస్టు బోటులో కాజీపేట పక్కనున్న కడిపికొండ నుంచి వెళ్లినవాళ్లు 14 మంది. తిరిగొచ్చింది ఐదుగురే.

అందరూ ఆ రోజు నుంచే లెక్క మొదలుపెడతారు. నా దృష్టిలో అసలు మలుపు అంతకు ఐదేళ్ల ముందే వచ్చింది. 2014లో పోలవరం ముంపు కారణంగా ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలను ఆర్డినెన్స్‌తో ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. భద్రాచలం పట్టణం ఇటు మిగిలింది. లాంచీలు బయల్దేరే పోచవరం రేవు వీఆర్‌పురం మండలంతో పాటు అటు పోయింది. రాములవారి దర్శనం చేసుకుని పాపికొండలు కూడా చూసి రావడం మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్నదే. 2014 నుంచి మాత్రం టికెట్ కొనేది తెలంగాణలో, పడవెక్కేది ఆంధ్రాలో. టికెట్లమ్మే ఏజెంటును అడగగలిగే అధికారికి రేవు మీద అధికారం లేదు. రేవులో ఉండే అధికారికి ఆ ఏజెంటు ఎవరో తెలియదు.

రాయల్ వశిష్ఠ పోచవరం నుంచి బయల్దేరలేదు, నిజమే. అది దిగువన గండి పోచమ్మ గుడి దగ్గర కదిలింది. కానీ కడిపికొండ కుటుంబాలకు ఎదురైన చిక్కు ఇదే: కావలసినవాళ్లు నీళ్లలో ఉన్నారు, అడగాల్సిన ఆఫీసులన్నీ పక్క రాష్ట్రంలో ఉన్నాయి. ఆ ఆఫీసులైనా ఒక్క మాట మీద లేవు. తమ అనుమతి లేదని టూరిజం వాళ్లన్నారు. లైసెన్స్ ఇచ్చింది కాకినాడ పోర్టు అధికారులు. ఆ రోజు నదిలో ఐదు లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం ఉంది. అంత వరదలో బోటును ఆపాల్సిందెవరో మాత్రం తేలలేదు.

అన్నిటికన్నా నన్ను కలచివేసేది ప్రయాణికుల జాబితా. బోటులో ఎంతమంది ఉన్నారన్న లెక్క మొదట ఒకటి చెప్పారు, తర్వాత మార్చారు, చివరికి 77 దగ్గర ఆగింది. 26 మంది బతికారంటే నాటు పడవలేసుకుని వచ్చిన ఒడ్డు ఊళ్లవాళ్ల పుణ్యమే. మునిగిన పడవలను వెలికితీసే ధర్మాడి సత్యం బృందం అక్టోబర్ 22న బోటును పైకి లాగేదాకా కొన్ని ఇళ్లలో కర్మకాండ కూడా చేసుకోలేక ఎదురుచూశారు. సముద్రం మీద ఒక చిన్న యాచ్ వేరే దేశం నీళ్లలోకి వెళ్లాలంటే బయల్దేరిన రేవులో పోర్ట్ క్లియరెన్స్ (బయల్దేరే అనుమతి) తీసుకోవాలి, చేరాక అధికారుల తనిఖీ కోసం పసుపు జెండా ఎగరేయాలి, పడవలో ఉన్న ప్రతి మనిషి పేరూ కాగితం మీద చూపించాలి. నలుగురున్న పడవకే ఆ పద్ధతి ఉంది. డెబ్భై మందికి పైగా ఎక్కిన బోటుకు సరైన జాబితా లేకపోయింది.

ప్రభుత్వం ఏమీ చేయలేదని అనలేం. 2020లో ఆంధ్రప్రదేశ్ బోట్ల రాకపోకలు చూసుకోవడానికి తొమ్మిది కంట్రోల్ రూములు పెట్టింది. ప్రవాహం పెరిగితే బోట్లు ఆపుతున్నారు. లైఫ్‌జాకెట్లు వేసుకోకపోవడం ప్రయాణికుల తప్పు కాదా అన్న వాదనా ఉంది.

1917 నాటి చట్టం స్థానంలో 2021లో కొత్త ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం వచ్చింది. ఒక రాష్ట్రంలో చేసిన రిజిస్ట్రేషన్ దేశమంతా చెల్లుతుంది, పక్క రాష్ట్రంలో విడిగా పర్మిషన్ అక్కర్లేదు, ఇన్సూరెన్స్ తప్పనిసరి. బోటు యజమానికి సరిహద్దు టెన్షన్ పోయింది. ప్రయాణికుడికి మాత్రం 2014లో పడ్డ గీత అలాగే ఉంది. భద్రాచలంలో టికెట్ కొట్టినప్పుడే పేరు, ఊరు, ఫోన్ నంబరు రాసి, బోటు కదిలేలోపు ఆ జాబితా ఇటు పోలీసులకూ అటు కంట్రోల్ రూముకూ చేరాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, రెండు జిల్లాల కలెక్టర్లు కూర్చుని మాట్లాడుకుంటే చాలు.